గెడ్డలో చక్రాల జాడ



మాది చీడికాడ. చోడవరం నుంచి మా ఊరికి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ముందు చెరకు తోటలు, తర్వాత వరిమళ్ళు, ఆ వెనక తూర్పు కనుమల కొండలు కనిపిస్తాయి. ఆ కొండల అడుగున, మా మండలంలోనే, బొడ్డేరు మీద కట్టిన కోనాం జలాశయం ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక మేం విశాఖ జిల్లాలోంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం. కొండ పైకెక్కి అవతలకి దిగితే అల్లూరి సీతారామరాజు జిల్లా. జిల్లా మారింది గానీ కొండెక్కే బాట మాత్రం పాతదే. చాలాచోట్ల ఇంకా కాలిబాటే.

మొన్నటి కార్తీకమాసంలో ఒక ఆదివారం మనవళ్ళు పిక్నిక్ అంటే కోనాం వైపు వెళ్ళాం. ఉసిరిచెట్టు దొరకలేదు, జీడిమామిడి కిందే విస్తళ్ళు వేసేశాం. భోజనాలయ్యాక పిల్లలు ఆడుకుంటుంటే నేను గెడ్డ, అంటే కొండవాగు, వెంబడి కొంచెం పైకి నడిచాను. అక్కడ మోత. నాలుగు జీపులు, ఏడెనిమిది మోటారు సైకిళ్ళు. జీపుల చక్రాలు మా ఊరి ట్రాక్టరు ముందు చక్రాలంత ఉన్నాయి. కుర్రాళ్ళు వాటిని గెడ్డలోకి దింపడం, అవతలి గట్టు ఎక్కించడం, మళ్ళీ వెనక్కి దింపడం, ఒకడు రాయి మీద నిలబడి వీడియో తియ్యడం. నీళ్ళు ఎగిరి పడుతుంటే కేకలు. చూడ్డానికి సరదాగానే ఉంది, అబద్ధం ఎందుకు. నా వయసు నలభై ఏళ్ళు తక్కువుంటే నేనూ ఎక్కి కూర్చునేవాణ్ణేమో.

గెడ్డకి కాస్త దిగువన, బండరాయి మీద ఒకావిడ రెండు బిందెలు పక్కన పెట్టుకుని కూర్చుంది. ఒక బిందె అప్పటికే నింపినట్టుంది, అందులో నీళ్ళు టీ రంగులో ఉంటే ఒలకబోసేసింది. "ఏమ్మా, అలా కూచున్నావు?" అన్నాను. "నీళ్ళు తేరాలి కదా బాబూ" అంది. "ఆళ్ళెల్లిపోతారు. నీళ్ళకి టైం పడతాది." అంతే, ఇంకేం మాట్లాడలేదు. తిట్టలేదు, అరవలేదు. జీపులు గెడ్డలోంచి బయటికొచ్చాక నేను గడియారం చూశాను. ఆమె మళ్ళీ బిందె ముంచడానికి నలభై నిమిషాలు పట్టింది.

ఆ కుర్రాళ్ళు మర్యాదస్థులేనండి, అది కూడా చెప్పాలి. వెళ్ళేముందు తాము తిన్న చిప్స్ ప్యాకెట్లు, సీసాలు గోనెసంచిలోకి ఏరుకున్నారు. నాకు కూల్ డ్రింక్ ఇవ్వబోయారు. అందులో ఒకబ్బాయితో, "నాయనా, ఈ గెడ్డలో నీళ్ళు కింద ఊళ్ళో తాగుతారు" అంటే నిజంగా ఆశ్చర్యపోయాడు. "ఇక్కడెవరూ లేరు కదండీ. గవర్నమెంటు లాండే కదా" అన్నాడు. ఆ మాట అనేటప్పటికి ఆవిడ వాడికి యాభై గజాల దూరంలో కూర్చుని ఉంది.

ఈవేళ నేను మాట్లాడదలచుకున్నది ఆ రెండు ముక్కల గురించే. "ఎవరూ లేరు." "గవర్నమెంటు లాండు."

మన దగ్గర కంచె లేని భూమిని ఖాళీ భూమి అనుకోవడం పాత అలవాటు. కొండ దగ్గరికొస్తే ఆ భూమికి ఎన్ని పేర్లో చూడండి. కొంత రిజర్వు ఫారెస్టు. కొంత రెవెన్యూ కొండ. కొంత బంజరు, కొంత గెడ్డ పోరంబోకు. కొంత 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద గిరిజనులకి ఇచ్చిన పట్టా భూమి, మా వైపు దాన్ని ఆర్.ఓ.ఎఫ్.ఆర్. పట్టా అంటారు. వీటి మధ్య గట్టూ లేదు, బోర్డూ లేదు. జీపులో వచ్చినవాడికి అంతా ఒకటే పచ్చదనం. ఊరివాళ్ళకి మాత్రం ఏ చింతచెట్టు ఎవరు దులుపుకుంటారో, అడ్డాకులు ఎటుపక్క కోస్తారో, కొండచీపుళ్ళు ఏ వాలు మీద పెరుగుతాయో, మేకలు ఏ బాటన తోలాలో, ఏ ఊటనీళ్ళు తాగడానికి, ఏవి పశువులకి, అన్నీ లెక్కే. ఆ లెక్క కాగితం మీద లేదు కాబట్టి పట్నం నుంచి వచ్చినవాళ్ళకి కనపడదు.

పట్నం అన్నాను కాబట్టి ఒక మాట. మా పక్క దేవరాపల్లి మండలంలో శారదా నది మీద రైవాడ జలాశయం ఉంది. విశాఖ నగరానికి తాగునీళ్ళు వెళ్ళే జలాశయాల్లో అదొకటి. ఆదివారం పూట జీపేసుకుని మా కొండల మీదికొచ్చే అబ్బాయి ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళలో ఈ కొండల నీళ్ళూ ఉండొచ్చు. కాకపోతే అతని ఇంటికి వెళ్ళేలోగా ఎవరో వడగట్టి, మందు కలిపి పంపుతారు. ఆ బండరాయి మీద కూర్చున్నావిడకి వడగట్టేది కాలం ఒక్కటే.

ఇంకో విచిత్రం ఉంది. దారి లేని చోట బండి నడపడం ఆఫ్ రోడింగ్ అనే ఆటకి ప్రాణం. రోడ్డుంటే అందులో మజా లేదు. ఇవే కొండల మీద అదే దారి లేక మనుషుల్ని డోలీలో మోస్తున్నారు. పొడుగాటి కర్రకి దుప్పటి కట్టి, అందులో నిండు గర్భిణిని పడుకోబెట్టి, ఇద్దరు ముందూ వెనకా భుజాన వేసుకుని, గెడ్డ పొంగితే ఒడ్డున ఆగి, తగ్గాక దాటి, అంబులెన్సు నిలబడే తారురోడ్డు దాకా తెస్తారు. పేపర్లలో ఈ వార్త ఎన్నిసార్లొచ్చిందో, చదివేవాళ్ళకి విసుగు పుట్టేంతగా వచ్చింది. ప్రధానమంత్రి గ్రామీణ సడక్ యోజన 2000లో మొదలైనప్పుడు మైదాన ప్రాంతంలో 500 మంది, షెడ్యూల్డు ప్రాంతంలో 250 మంది ఉన్న ఊరికి రోడ్డు అని లెక్క పెట్టారు. మా మండలంలో కొండ మీది గూడేలు గిరిజనులవే గానీ షెడ్యూల్డు ప్రాంతంలో లేవు. వాటిని నాన్ షెడ్యూల్డు గ్రామాలంటారు. రాజ్యాంగం ఐదో షెడ్యూల్లో కలపమని ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. ముప్ఫై గడపల గూడేనికి 500 మంది ఎక్కణ్ణుంచి వస్తారు? 2025 ఏప్రిల్లో అల్లూరి జిల్లాలో 'అడవితల్లి బాట' అని వెయ్యి కోట్ల పైచిలుకుతో గిరిజన గూడేలకి రోడ్ల పనులు మొదలుపెట్టారు. మంచిదే. పూర్తి కావాలి.

జీపు ఎక్కే చోట అంబులెన్సు ఎందుకెక్కదని మీరు అడగొచ్చు. నేనూ ఆలోచించాను. జీపు ఒక్కరోజు ఎక్కుతుంది, ఎండాకాలంలో ఎక్కుతుంది, ఎక్కలేకపోతే తాడు కట్టి లాగడానికి వెనక ఇంకో జీపు ఉంటుంది. అంబులెన్సు రోజూ ఎక్కాలి, అర్ధరాత్రి ఎక్కాలి, జూలై వానలో ఎక్కాలి. మరీ కడుపు మండే సంగతేమిటంటే, జీపులు దొర్లిన కాలిబాట వానాకాలం వచ్చేసరికి డోలీకి కూడా పనికిరాకుండా పోతుంది.

అదెలాగో చెప్తాను. మా కొండల్లో ఎక్కువగా ఉండే రాయిని భూగర్భ శాస్త్రవేత్తలు ఖొండలైట్ అంటారు. కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీదే ఆ రాయికి ఆ పేరొచ్చింది. అది ఎండకీ వానకీ తొందరగా ఎర్రమట్టిగా మారిపోయే రాయి. పైన ఆకూ అలమూ, గడ్డి వేళ్ళూ పట్టుకుని ఉన్నంతసేపే ఆ మట్టి నిలబడుతుంది. మనిషి నడిచిన బాట జానెడు వెడల్పు, వంకర టింకరగా వాలుకి అడ్డంగా వెళ్తుంది. జీపు అలా వెళ్ళదు, ధైర్యం చూపించాలి కాబట్టి నిట్టనిలువుగా ఎక్కుతుంది. చక్రం గిర్రున తిరిగిన చోట రెండు చాళ్ళు పడతాయి. నేల అణిగిపోవడం చాలామటుకు మొదటి కొన్ని విడతల్లోనే జరిగిపోతుందని మట్టి శాస్త్రం చెప్పేవాళ్ళు అంటారు. అంటే 'ఒక్కసారే కదా' అన్న మాట నేలకి ఊరట కాదు. అణిగిన నేలలోకి నీళ్ళు ఇంకవు. వాన పడితే ఆ రెండు చాళ్ళే రెండు కాలవలు. ఒక ముసురు పట్టిందంటే మోకాలి లోతు గండి. ఆ మట్టంతా ఎక్కడికి పోతుంది? గెడ్డలోకి, గెడ్డలోంచి జలాశయంలోకి. జలాశయంలో మేట వేసిన ప్రతి బుట్టెడు మట్టికీ బుట్టెడు నీళ్ళు తక్కువ. కింద ఆయకట్టు రైతుకి ఆఖరి తడి అందలేదంటే ఆ నేరం జీపులదే అని నేను అనను. పోడు ఉంది, కలప నరికివేత ఉంది, క్వారీలున్నాయి, వాటి వాటా పెద్దది. కానీ మేట వేసే చేతులు ఇప్పటికే ఇన్నుండగా సరదా కోసం మరో చెయ్యి కలపాలా?

నేల ఎంత కాలం గుర్తుపెట్టుకుంటుందో తెలియాలంటే అమెరికా సంగతి చూడాలి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, జనరల్ పాటన్ కాలిఫోర్నియా ఎడారిలో ట్యాంకులు నడపడానికి సైనికులకి శిక్షణ ఇచ్చాడు. ఆ ట్యాంకుల జాడలు ఇప్పటికీ ఆ ఇసుక నేల మీద కనిపిస్తాయి. మా కొండ ఎడారి కాదు, తొలకరి పడితే పచ్చబడుతుంది. పచ్చదనం కింద గండి మాత్రం అలాగే ఉంటుంది.

ఇంతా చెప్పి నేను జీపులకి శత్రువునని అనుకోకండి. ఆఫ్ రోడింగ్ అన్న పేరు ఈ రాష్ట్రంలో ఎవరికీ తెలియని రోజుల నుంచీ మా ఏజెన్సీ డ్రైవర్లు చేస్తున్నది అదే. కమాండరు జీపులో లోపల పదిమంది, టాపు మీద ఆరుగురు, వెనక మెట్టు మీద నలుగురు, మధ్యలో పసుపు బస్తాలూ కోళ్ళగంపలూ. అలా సంతకి దించి, సాయంత్రం కొండెక్కించిన మొనగాళ్ళు వాళ్ళు. వాళ్ళ ముందు ఈ నగరం కుర్రాళ్ళ విన్యాసాలు పిల్లాటలు. ఆ జీపుల్లో పోలీసు లెక్కలకి సరిపడేది ఏదీ ఉండేది కాదు, అది వేరే సంగతి.

బొర్రా గుహల దగ్గర కటికి జలపాతం చూసినవాళ్ళకి నేను చెప్పేది ఇట్టే అర్థమవుతుంది. అక్కడికి మామూలు కారు వెళ్ళదు. స్థానికుల జీపు మాట్లాడుకోవాలి. రాళ్ళ మీద, గతుకుల్లో, నడుములు విరిగేలా తీసుకెళ్ళి ఒక చోట దింపుతారు. అక్కణ్ణుంచి నడక. రద్దీ రోజుల్లో అక్కడ దుమ్ము, తోపులాట, బేరాలు, అన్నీ ఉన్నాయి, దాన్ని స్వర్గమని నేను చెప్పను. కానీ గమనించాల్సింది ఒకటుంది. జీపులన్నీ ఒకే బాటన వెళ్తాయి. బాట చెడితే మర్నాడు తిప్పుకోవాల్సింది తమ బండే కాబట్టి నాలుగు రాళ్ళు వేసి సరిచేసుకునేది కూడా వాళ్ళే. ఇరుసు విరిగితే నష్టం తమది. ఎక్కినవాళ్ళు ఇచ్చిన డబ్బు ఆ చుట్టుపక్కల ఇళ్ళకే వెళ్తుంది. సందర్శకుడికి ఒళ్ళు హూనమయ్యే సరదా దొరికింది, కొండకి ఒక్క గీతే పడింది. అక్కడ ఏ మేధావీ కూర్చుని పథకం రాయలేదు, అవసరం కొద్దీ అలా కుదిరింది.

కుదరని చోట్లు చూడండి. లంబసింగి దగ్గర చెరువులవేనం, పాడేరు దగ్గర వంజంగి. మబ్బుల మీద సూర్యోదయం చూడాలని డిసెంబరు, జనవరి శనివారం రాత్రుళ్ళు ఎన్ని బళ్ళొస్తాయో ఆ ఊరివాళ్ళనడగండి. రాత్రి రెండింటికి హెడ్‌లైట్లు, పాటలు, హారన్లు. రోడ్డు నిండిపోతే బండి చేలోకి దిగుతుంది. చేలో రాజ్మా ఉందో వలిసెలు ఉన్నాయో చీకట్లో ఎవడు చూస్తాడు? తెలంగాణలో వికారాబాదు అనంతగిరి కొండల్లో కార్ల విన్యాసాల వీడియోలు బయటికొచ్చి కేసుల దాకా వెళ్ళిన సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. భూగర్భ సర్వే శాఖ 2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ చేరాయి. చేత్తో రాస్తే రాలిపోయే ఇసుక దిబ్బలు అవి, సినిమా పాటకీ బండి చక్రానికీ ఒకేలా లొంగిపోతాయి. ఇక సముద్రపొడ్డున జనవరి నుంచి తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. ఇసుకలో చక్రం చాలు తీస్తే గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ తాబేలు పిల్లకి అది కోట కందకమే, పడితే పైకి రాలేదు.

మరి లోకంలో దీన్ని ఎవరెలా సర్దుకున్నారు? మన పిల్లలు అమెరికాలో ఉద్యోగాలు చేస్తూ ఉటా రాష్ట్రంలో మోయాబ్ అనే ఊరికి వెళ్ళి ఎర్రరాళ్ళ మీద జీపు ఎక్కించిన ఫొటోలు పంపుతుంటారు. చూసి మురిసిపోతాం. ఆ ఫొటో వెనక ఒక చరిత్ర ఉంది. 1972లో నిక్సన్ అధ్యక్షుడుగా ఉండగా, ప్రభుత్వ భూముల మీద ఈ బళ్ళు ఎక్కడ తిరగొచ్చో ఎక్కడ తిరగకూడదో గుర్తించమని ఆదేశం ఇచ్చారు. 1977లో కార్టర్ దాన్ని ఇంకా బిగించారు. అయినా అటవీశాఖ అడవులన్నిటికీ 'గుర్తించిన బాట మీదే బండి, మ్యాపులో లేకపోతే లేనట్టే' అన్న నియమం వచ్చేసరికి 2005 అయింది. ముప్ఫై మూడేళ్ళు! అంత డబ్బు, అంతమంది అటవీ సిబ్బంది ఉన్న దేశంలో. ఇప్పటికీ ఫలానా బాట మూశారని ఒకరు, తెరిచారని ఇంకొకరు కోర్టులకెక్కుతూనే ఉన్నారు.

వాళ్ళ పద్ధతిలో నాకు నచ్చింది ఆ మ్యాపు. మొదలు అన్నీ మూసి, తెరిచినవి గియ్యడం. మన దగ్గర మొదలు అన్నీ తెరిచి ఉంటాయి, ప్రమాదం జరిగాక వారం రోజులు మూస్తాం. కానీ వాళ్ళ తగాదాలో ఎక్కువగా వినిపించేవి బండివాడు, నడిచేవాడు, అడవి జంతువు. మన కొండ మీద నాలుగో మనిషి ఉంది, రెండు బిందెలతో. ఆమెకి ఆ చోటు సెలవురోజు గడిపేది కాదు, ఇల్లు. అందుకని వాళ్ళ నియమాన్ని తెచ్చి ఇక్కడ అతికిస్తే సరిపోదు.

చట్టం మనకీ లేకపోలేదు. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా చొరబడటం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం. అభయారణ్యాలకి 1972 వన్యప్రాణి చట్టం ఉంది. కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చుకోవడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ ట్రాక్టరు చక్రాల జీపుల వాళ్ళు ఇది ఒకసారి చదువుకుంటే మంచిది. వీటన్నిటికన్నా నాకు పనికొచ్చేదిగా కనిపించేది అటవీ హక్కుల చట్టంలో 5వ సెక్షన్. అడవికీ, వన్యప్రాణులకీ, నీటి వనరులకీ హాని కలగకుండా చూసే అధికారం, వాటికి చేటు చేసే పని ఆపే అధికారం గ్రామసభకి ఇచ్చారు. షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకి అధికారాలిచ్చే పెసా చట్టం మా నాన్ షెడ్యూల్డు గూడేలకి వర్తించదు గానీ ఇది వర్తిస్తుంది. ఈ సంగతి ఎన్ని గ్రామసభల్లో ఎవరు చదివి వినిపించారు?

కొందరు మిత్రులు మొత్తం నిషేధించెయ్యాలంటారు. నాకు ఆ మాట నచ్చదు. నిషేధం అంటే గేటు, గేటు అంటే గార్డు. గేటు పెట్టిన మర్నాడు మొదట ఆగేది కట్టెల మోపు, ఆ తర్వాత అడ్డాకుల కట్ట. జీపుకి ఎవరో ఫోను చేయిస్తారు, గేటు లేస్తుంది. ఇది మా కొండల అనుభవం. అదీ కాక, నగరంలో ఏసీ గదిలో పెరిగిన పిల్లాడు కొండ చూడాలి, బురదలో దిగాలి, భయపడాలి. కొండని చూడనివాడు దాని కోసం ఎప్పుడూ నోరు విప్పడు.

కాబట్టి నా లెక్క ఇది. ఏ బాట తెరవాలో ఊరు చెప్పాలి, అటవీశాఖ గీత గియ్యాలి, ఆ గీత మీద ఊరి డ్రైవరు జీపే నడవాలి. సొంత జీపు తెచ్చుకున్నవాడు ఊరివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, కూలి ఇచ్చి వెళ్ళాలి. తొలకరి నుంచి దసరా దాకా చక్రానికి సెలవు, ఆ రోజుల్లో కొండెక్కాలంటే కాళ్ళున్నాయి. గెడ్డలోకి మాత్రం ఎప్పుడూ దిగకూడదు, దాటాల్సిన చోట రాళ్ళు పరిచిన ఒక్క రేవు ఉంటే చాలు. వచ్చిన రుసుములో మొదటి ఖర్చు ఆ బాట మీద డోలీ నడిచే మేర బాగుచెయ్యడానికి పెట్టాలి. అంత దండిగా బండి నడిపే బలగం ఉన్న ఆఫ్ రోడింగ్ క్లబ్బులు, ముసురు పట్టిన రాత్రి గూడెం నుంచి ఫోనొస్తే రోగిని దించడానికి రెండు జీపులు పంపగలవా? పంపితే వాళ్ళకి కొండ మీద ఏ గ్రామసభా అడ్డు చెప్పదని నా నమ్మకం.

ఇవన్నీ జరిగే లోపు ఈ కార్తీకానికి మా వైపు వచ్చే శ్రోతలకి ఒక చిన్న మనవి. బండిని తారురోడ్డు దగ్గరే ఆపండి. ఊళ్ళో మొదటి ఇంటి దగ్గర నిలబడి, తాగే నీళ్ళు ఎటుపక్క పట్టుకుంటారమ్మా అని అడగండి. ఆ వైపు వదిలిపెట్టి రెండో వైపు నడవండి. దారి తెలియకపోతే అక్కడి పిల్లలే ముందు నడిచి చూపిస్తారు.